జబ్బకు కట్టిన రూపాయి

జహీరాబాద్ అల్లం మండీలో మన్సూర్ కమీషన్ దుకాణం మెట్టెక్కే రైతులు పాత వెండి రూపాయి ఏదైనా ఉంటే మొలసంచీలో అడుగుకు తోసేసేవారు. కనబడిందంటే ఇక తూకం సాగదు. అల్లం తక్కెడలోనే ఎండుతుంటే, ఆయన ఆ రూపాయిని భూతద్దం కింద పెట్టి అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటాడు. నిజాం సర్కారు సొంత నాణెం హాలీ రూపాయి చెలామణీ నుంచి పోయి అప్పటికే కొన్నేళ్లయింది. పోయిన నాణెం మీద ఈయనకు ప్రేమ ఇంకా పెరిగింది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురిని చూడడట, ఆమె అత్త మెడలోని రూపాయల దండను చూస్తాడట. ఆడవాళ్లు ఈ మాట మొహం మీదే అనేవారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అసలు ఆయన పిచ్చి నాణేల మీద కూడా కాదు, అచ్చుల మీద. టంకసాలలో పనివాడు ఉక్కు అచ్చు మీద ఏది చెక్కితే అదే వెండి మీద పడుతుంది. ఒక అచ్చు అరిగిపోతే ఇంకోటి చెక్కుతారు. ఎంత చూసి చెక్కినా రెండోది మొదటిదానిలా రాదు. హాలీ రూపాయి మీది చార్మినార్ దర్వాజలో నిజాం పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. చివరి నిజాం గద్దెనెక్కిన కొత్తలో కొట్టిన రూపాయల్లో ఆ అక్షరం తల మాత్రమే కనిపిస్తుంది, తర్వాతి వాటిల్లో నిండుగా ఉంటుంది. రాయికోడ్ కంసాలి దగ్గర కరగబోతున్న కుప్పలోంచి మన్సూర్ ఏరిన రూపాయి ఈ రెండింట్లో ఏదీ కాదు. సగం అక్షరం కింద వెంట్రుకంత గీత ఒకటి కిందికి దిగి ఆగిపోయింది. పనివాడు సగం అక్షరాన్ని నిండు చేద్దామని పాత అచ్చు మీదే ఉలి పెట్టి, మధ్యలో మానుకున్నాడని మన్సూర్ నమ్మకం. అలాంటి రూపాయిని తానింకెక్కడా చూడలేదు, చూసినవాళ్ల గురించి వినలేదు.

నమ్మకం ఒక్కడిదైతే సరిపోదు కదా. పట్నం హైదరాబాద్‌లో జగన్‌మోహన్ గారని, పాత నాణేలు పోల్చడంలో అందెవేసిన చెయ్యి. ఆయనకు కబురంపితే, "మురికైనా అయి ఉంటది, దెబ్బైనా తగిలి ఉంటది. కండ్లతోని చూస్తె గాని చెప్ప" అని జవాబొచ్చింది. పెట్టెలోని మిగతా రూపాయల పక్కన పెట్టి పోల్చాలి, గురువారం తానే వస్తానని కూడా చెప్పించాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మన్సూర్ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అన్నం ముందు కూర్చుని లేచేవాడు, దుకాణం తెరిచి మూసేవాడు, డబ్బీలోంచి రూపాయి తీసి మఖ్మల్ గుడ్డ మీద పెట్టి, మళ్లీ డబ్బీలో పెట్టేవాడు.

ఆ గురువారమే ఆయన భార్య గౌహర్ బేగం పట్నం దవాఖానకు పోవాలి. కడుపులో గడ్డ. ఆపరేషన్‌కు ముందు చేర్చుకుంటామని దవాఖానవాళ్లు పెట్టిన రోజది. మన్సూర్ తలగోక్కున్నాడు. "షౌకత్ తోల్కపోతడు. నేను శుక్రారం పొద్దున్నె వస్త" అన్నాడు. షౌకత్ ఆమె తమ్ముడు. గౌహర్ తన బట్టలు తానే సంచీలో సర్దుకుంది. అదే మన్సూర్‌కు గుచ్చుకోవాల్సింది. గుచ్చుకోలేదు.

బస్టాండ్‌లో బస్సు కిటికీ పట్టుకుని నిలబడ్డాడే గాని, చూపంతా పట్నం నుంచి వచ్చే తోవ మీదే. గౌహర్ కుడి జబ్బకు పసుప్పచ్చ పట్టీ కట్టి ఉంది. ప్రయాణమయ్యేవాళ్లకు ఇంటి పెద్దలు కట్టే ఇమాం జామిన్ అది. గుడ్డలో ఒక నాణెం పెట్టి కుట్టి, దేవుడి కాపలాకు అప్పగించి కడతారు. క్షేమంగా చేరాక దాన్ని విప్పి దారిలో కనిపించిన బీదవాడికి ఇచ్చేస్తారు. మన్సూర్ ఆ పట్టీని చూశాడు, చూసి మరచిపోయాడు.

"మందులు యాళ్లకు ఏస్కో" అన్నాడు.

"మీరు యాళ్లకు తినున్రి" అంది గౌహర్. బస్సు కదిలింది. అది మలుపు తిరక్కముందే పట్నం బస్సు వచ్చి ఆగింది, జగన్‌మోహన్ గొడుగు పట్టుకుని దిగాడు.

ఇంట్లో చాయ్ తాగారు. జగన్‌మోహన్ తన భూతద్దాన్ని రుమాలుతో తుడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. మన్సూర్ బిస్మిల్లా అని డబ్బీ మూత తీశాడు. మఖ్మల్ గుడ్డ ఉంది, రూపాయి లేదు.

డబ్బీ బోర్లించాడు, పెట్టె బోర్లించాడు. నేలంతా హాలీ రూపాయలు దొర్లాయి. ఒక్కొక్కటీ పట్టుకుని దర్వాజ చూస్తూ మోకాళ్ల మీద గదంతా పాకాడు. జగన్‌మోహన్ కాసేపు చూసి మెల్లగా నవ్వాడు.

"పోనియ్యున్రి మన్సూర్ సాబ్. నాణేలు జమజేసే ప్రతివానికి గిట్లాంటిదొకటి పోతనే ఉంటది. చూపియ్యాలన్నప్పుడే పోతది."

మన్సూర్ చెవులు ఎర్రబడ్డాయి. "నాణెం మీద అబద్ధమాడే మనిషిని కాదు నేను."

"నేనట్ల అన్ననా?" అన్నాడు ఆయన. అనలేదు గాని భూతద్దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడవడం మన్సూర్‌కు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

చప్పుడు విని మన్సూర్ తల్లి ఉమ్రావ్ బేగం తలుపు దగ్గరికి వచ్చింది. "ఎందుకు బేటా గంతగనం ఎత్కుతున్నవ్? ఆ డబ్బీల బిళ్లనా? కోడలి ఇమాం జామిన్‌ల కుట్టిన."

"అమ్మీ! అదే దొర్కిందా నీకు?"

"మరి ఇప్పటి రూపాయిల వెండి యాడున్నది? నోటు కుట్టి కట్టాల్నా? పెట్టె నిండ ఉన్నయి గద, ఒకటి పోతె ఏమైతది?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మన్సూర్ పని. రూపాయి తన కళ్ల ముందే, జానెడు దూరంలో, భార్య జబ్బ మీద బస్సెక్కి పోయింది. పట్నంలో దిగగానే ఏ ఫకీరు చేతిలోనో పడుతుంది. "సాయంత్రం దాంక ఉండున్రి, తెస్త" అని జగన్‌మోహన్‌కు చెప్పి, చెప్పులు తొడుక్కోకుండానే పరుగెత్తాడు. వెనక నుంచి తల్లి కేక వేసింది. "దారిల విప్పనియ్యకురా! పానం మీది మొక్కు అది!"

చెరకు రైతు బస్వరాజ్ సంగారెడ్డి కచేరీకి పోతూ జీపులో ఎదురయ్యాడు. మన్సూర్ చెయ్యి అడ్డం పెట్టి ఎక్కేశాడు.

"ఏమైంది మన్సూర్ భాయ్, వదినెకు బాగలేదా?"

"బస్సును అందుకో. మల్ల చెప్త."

ఇంకేమీ అడక్కుండా బస్వరాజ్ జీపును దౌడు తీయించాడు. దారి పొడుగునా మన్సూర్ ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. ఎదురుగా ఎడ్లబండి వస్తే తిట్టాడు, గేటు పడితే తిట్టాడు. మనసులో మాటలు కూర్చుకున్నాడు. కుట్టు విప్పి ఇది తీసి, ఇంకో రూపాయి పెట్టి కుడితే ఏమవుతుంది? దేవుడికి అచ్చు తేడాలతో ఏం పని? ఇంకో హాలీ రూపాయి జేబులో పెట్టుకునే వచ్చాడు కూడా. అంత గాబరాలోనూ ఆ తెలివి పోలేదు.

సదాశివపేటలో బస్సు చాయ్‌కి ఆగి ఉంది. షౌకత్ కింద నిలబడి సోడా తాగుతున్నాడు. "దూలాభాయ్!" అని బావను పిలుస్తూ నోరు తెరిచాడు. మన్సూర్ అతన్ని దాటుకుని బస్సెక్కాడు. గౌహర్ కిటికీకి తల ఆనించి కూర్చుని ఉంది. చప్పుడుకు తిరిగింది. చూసింది. ఆ ముఖంలోకి వచ్చిన వెలుగు చూసి మన్సూర్ కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాడు.

"వచ్చిన్రా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకెరుక, మీరుండలేరని. చెప్పుల్లేకుంటనే వచ్చిన్రా అజీ?"

మన్సూర్ తన కాళ్ల వైపు చూసుకున్నాడు. పక్కన కూలబడ్డాడు. గౌహర్ జబ్బ మీది పట్టీని తడుముకుంది.

"మీరు నారాజ్ కావొద్దు. అమ్మీ పెట్టెలకెల్లి తీస్తనంటె నేనే ఒద్దన్న. మీరు దినాం చూసే బిళ్లనే తెచ్చిచ్చిన. మీరు ఎంబడి రాకపోతిరి గద. కత్తి కిందికి పోయేటప్పుడు మీ చూపైన నా మీద ఉంటదని."

మన్సూర్‌కు సిగ్గేసింది. ఇన్నేళ్ల కాపురంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. జేబులోని రూపాయి తొడకు నిప్పులా తగిలింది. కిందికి దిగి బస్వరాజ్‌తో, "మర్లిపొయ్యేటప్పుడు మా ఇంట్ల కూసున్న పట్నం పెద్దమనిషికి చెప్పు, నేను పట్నం పోతున్ననని" అన్నాడు.

"ఇంకేమన్న చెప్పాల్నా?"

"ఏం లేదు."

దవాఖాన గేటు బయట చెట్టు నీడలో ఒక ముసలి ఫకీరు కూర్చుని ఉన్నాడు. గౌహర్ పట్టీ విప్పి భర్త చేతిలో పెట్టింది. "మీ చేతుల మీంగనే ఇయ్యున్రి" అంది. మన్సూర్ కుట్టు విప్పకుండా అలాగే ఫకీరు గిన్నెలో వేశాడు. వేసి గబగబా నాలుగడుగులు వేశాడు, లేకపోతే చెయ్యి మళ్లీ గిన్నెలోకి పోయేలా ఉంది.

"సాబ్! ఓ సాబ్!" ఫకీరు వెనక నుంచి పిలిచాడు. కుట్టు చించి రూపాయిని ఎండలోకి ఎత్తి చూస్తున్నాడు. "ఇది హాలీ. ఇప్పుడిది యాడ నడుస్తది సాబ్? తీస్కొని నడిచే రూపాయి ఇయ్యున్రి."

నాణెం మన్సూర్ ముక్కు ముందు ఉంది. ఎండ ఏటవాలుగా పడి దర్వాజలోని గీత భూతద్దం లేకుండానే కనిపించింది. మురికి కాదు, దెబ్బ కాదు, ఉలి పెట్టిన గీతే. జగన్‌మోహన్ ఇక్కడుంటే నోరు మూసుకునేవాడు. అడుగుతున్నది ఫకీరే, మార్చుకుంటే తప్పేముంది? మన్సూర్ చెయ్యి జేబులోకి పోయింది.

"పాపం, మార్చియ్యరాదున్రి" అంది గౌహర్. "నడ్వని బిళ్లతోని ఏం జేస్కుంటడు?"

మన్సూర్ జేబులోంచి నడిచే రూపాయి తీసి గిన్నెలో వేశాడు. ఫకీరు హాలీ రూపాయిని ముందుకు చాపాడు. మన్సూర్ ఆ చేతి వేళ్లను ఒక్కొక్కటే మడిచి పిడికిలి మూశాడు.

"అది గుడ నీదే బాబా. ఆమె పానం మీదికెల్లి దిగింది, నేను మల్ల ముట్టొద్దు. సరాఫు తాన తూకం ఏపియ్యి, దగ్గర దగ్గర తులం తూగే వెండి బిళ్ల. కరగబెట్టి పైసలిస్తడు." కరగబెట్టి అన్నప్పుడు దగ్గి సర్దుకున్నాడు.

ఫకీరు ఇద్దరినీ దీవించి, కర్ర తీసుకుని లేచాడు. సరాఫు వీధి వైపే నడిచాడు. షౌకత్ చీటీ చూపించడానికి లోపలికి వెళ్లాడు. గౌహర్ మన్సూర్ ముఖంలోకే చూస్తోంది.

"అజీ, అట్లాంటిది మల్ల దొర్కుతదా మీకు?"

"ఎందుకు దొర్కది, మస్తుగ దొర్కుతయి" అన్నాడు మన్సూర్, ఆమె సంచీ అందుకుంటూ. నాణేల మీద ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.