ఉప్పు కాపడం

నా బిడ్డ మల్లిక పిర్ర మీద అరచేయంత చర్మం నల్లబడి కుళ్లిపోతే, మా ఊరి ఆర్‌ఎంపీ కమలాకర్ అందరికీ చెప్పిన మాట ఒక్కటే: "బీరమ్మ కాల్చింది."

బీరమ్మ మా అత్త. గొర్రెలకు సూది వేయించిన చోట గడ్డ కట్టకుండా, ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టడం మా ఇళ్లలో మామూలే. మల్లికకు జ్వరమొస్తే కమలాకర్ సూది వేశాడు. ఇంటికొచ్చాక కూడా పిల్ల ఏడుపు ఆపకపోతే అత్త అదే కాపడం పెట్టింది. అంతే, నింద ఆమె నెత్తిన పడింది. నల్లగొండ దవాఖానలో పిల్లకు ఆపరేషన్ చేస్తుంటే గేటు బయటే కూర్చుంది. ఇంటికి తెచ్చాక కూడా దగ్గరికి రాలేదు. "నా చేతులు ఇరగ" అని తనను తానే తిట్టుకునేది.

కట్టు మార్పించడానికి మళ్లీ నల్లగొండ పోయిన రోజు డాక్టరమ్మ నన్ను అడిగింది. "రంగు ఎప్పుడు మారింది? కాపడానికి ముందా, తర్వాతా?"

"సూది ఏశిన బల్ల మీదనే మేడం. పిల్ల గుక్కపట్టింది. గా జాగ తెల్లగై, నీలం మచ్చలు తేలినయి. జర రుద్దు, తగ్గుతదన్నడు."

"కాపడం పెట్టకూడదు. కానీ దీనికి కారణం అది కాదమ్మా. మందు రక్తనాళంలోకి పోయినట్టుంది. రక్తం అందక కండ చచ్చిపోయింది. చాలా అరుదు, ఎవరి చేతిలోనైనా జరగొచ్చు."

నా ఒళ్లు మండిపోయింది. ఆ మచ్చలు కమలాకర్ కూడా చూశాడు కదా! బస్సు దిగి, పిల్లను ఇంట్లో పడుకోబెట్టి, అత్తను రెక్క పట్టుకుని అతని దగ్గరికి లాక్కుపోయాను. బెంచీ నిండా వైద్యానికి వచ్చిన జనం.

"నీలం మచ్చలు సూశినవా లేదా?"

"లొల్లి జేయకు పుష్పా. లచ్చల్ల ఒక్కలకైతది. నా తప్పేముంది?"

"అంటే నీకు ఎర్కే! ఉత్త జరానికి సూది ఎందుకేశినవో గది తర్వాత అడుగుత. ఎర్కుండి మా అత్త మీదికి నూకినవే, గది నీ తప్పు గాదా? ఆమె మొకం జూసి చెప్పు!"

కమలాకర్ తల వంచుకున్నాడు.

"అవ్వా... నీ కాపడంతోని గాలే."

అత్త ఏడుస్తుందనుకున్నాను. ఆమె ముందుకెళ్లి అతని అంగీ గుంజిపట్టింది.

"అవ్వా ఎత్తుకో అని నా మనుమరాలు ఏడుస్తుంటె, ఇన్ని దినాలు ముట్టలే గదరా నేను!"