ఏడు వారాల భయం

బడి ఆఖరి రోజున వసంతమ్మ టీచరు చెప్పిన మాట షైలజ మనసులో ముల్లులా దిగబడింది.

"పోయినేడు సెలవులకు ముందు గుణింతాలన్నీ వచ్చినాయమ్మా మీ పాపకు. జూన్‌లో సూస్తే సగం మర్సిపోయింది. మళ్లీ దారిన పడేసరికి దసరా వచ్చేసె. ఇప్పుడిప్పుడే కూడబలుక్కొని నాలుగు వాక్యాలు సదవతాండాది. ఈ ఏడు వారాలూ ఇడిసిపెట్టద్దు."

షైలజ మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. భర్త విల్సన్ కుప్పం దగ్గర గ్రానైటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. శనివారం రాత్రి వచ్చి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం తెల్లారకముందే వెళ్లిపోతాడు. మిగిలిన రోజులు ఇంట్లో తల్లీ, ఎనిమిదేళ్ల సారా.

రోగుల చేత వేళకు మందులు మింగించడం అలవాటైన మనిషి కాబట్టి, టీచరు మాటనూ షైలజ అలాగే తీసుకుంది. గోడకు టైంటేబుల్ అంటించింది. డ్యూటీకి ముందు పది లైన్లు చదవాలి. సాయంత్రం రెండు పేజీలు చూచిరాత. పడుకోబోయే ముందు ఎక్కాలు.

మొదటి వారం సారా చదివింది. రెండో వారం నుంచి పుస్తకం తీయగానే కడుపునొప్పి అనసాగింది. షైలజ పొట్ట నొక్కి చూసింది. ఏమీ తేలలేదు. ఆమెను ఇంకా భయపెట్టింది వేరే సంగతి. మార్చిలో గబుక్కున చదివేసిన 'కొబ్బరిచెట్టు' దగ్గర పిల్ల ఇప్పుడు ఆగిపోతోంది. అప్పుడే మర్చిపోతోందా? పది లైన్లు ఇరవై చేసింది. వార్డులో బీపీ చూస్తూ కూడా ఇంకా ఎన్ని వారాలు మిగిలాయో లెక్కపెట్టుకునేది.

మే మొదట్లో ఒక మంగళవారం ఉదయం, అదే మాట దగ్గర సారా నాలుగోసారి ఆగినప్పుడు షైలజ నోరు జారింది.

"నీకంటే సిన్నపిల్లోళ్లు గడగడా సదవతాండారు. ఇట్లయితే మూడో తరగతిలోనే కూసుంటావు. నేనింక ఏం సేసేదే?"

సారా ఏడవలేదు. కళ్లు దించుకుని కూర్చుంది. షైలజకు టైమైపోతోంది. పిల్లను పక్కింటి రాజమ్మకు అప్పజెప్పి వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు రాజమ్మ ఫోను. "అమ్మా షైలజా, పాప ఆడికేమన్నా వచ్చెనా? బట్టలు ఆరేసి వచ్చేలోపల లేదు. వీధంతా సూసినా, యాడా కనిపించల్యా."

షైలజ చేతిలోని ట్రే పక్కనున్న సిస్టరుకిచ్చి, యూనిఫాంలోనే పరుగెత్తింది. చర్చి ఆవరణ చూసింది. తాళం వేసున్న బడి గేటు పట్టుకుని లోపలికి పేరు పెట్టి పిలిచింది. పక్క వీధిలో కడుతున్న ఇంటి ముందు మూత లేని నీళ్ల సంపు ఉంది. దాని అంచున మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూసింది. నీళ్లలో ఒక సిమెంటు సంచి తేలుతోంది. అది సంచేనని రూఢి చేసుకున్నాకే లేచింది.

విల్సన్‌కు ఫోను చేసింది. "సారా... లేదు. నేనే తిట్టినా పొద్దున."

"నేను బస్సెక్కతాండా. నువ్వు పోలీస్‌స్టేషన్‌కు పో. పోతానే ఉండు, ఫోను పెట్టేయద్దు," అన్నాడు.

స్టేషన్ మెట్లెక్కుతుండగా ఇంకో ఫోను వచ్చింది. పుంగనూరులో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న విల్సన్ అక్క, ఫ్లారెన్స్.

"షైలూ, బిడ్డ నాకాడ ఉండాది. ఇప్పుడే వచ్చె. దెబ్బ తగల్లేదు, ఏం లేదు. నువ్వు నిదానంగా రా."

షైలజ ఆ మెట్ల మీద నుంచే విల్సన్‌కు సంగతి చెప్పి, దొరికిన బస్సెక్కింది. గంట ప్రయాణం. దారిలో పిల్లను ఇంకెవరైనా చేయి పట్టుకుని తీసుకుపోయుంటే? అక్కడికి మించి ఆలోచించలేకపోయింది.

ఫ్లారెన్స్ ఇంట్లో సారా జాకెట్టు ముక్కల మధ్య కూర్చుని ఉంది. తల్లిని చూసి గోడకు ఒదిగింది. షైలజ దాన్ని ఒళ్లోకి లాక్కుని, చేతులూ కాళ్లూ తడిమి చూసింది.

"ఎట్ల వచ్చినావు నాయనా? ఎవురు తోడొచ్చిరి?"

"ఎవురూ రాలేదు. బస్టాండుకు నడిసిపోయినా. ముందు తంబళ్లపల్లె బస్సు వచ్చె. అది కాదని ఎక్కలేదు. ఇంకోదానికి పుంగనూరు అని ఉండె. కండక్టరు నన్ను పక్కనున్న అవ్వ మనవరాలు అనుకున్నాడు. దిగినంక అత్తోళ్లిల్లు నాకు తెలుసు గదా."

"బోర్డు నువ్వే సదివినావా?"

"ఊ."

షైలజకు సంతోషం రాలేదు. భయం వేసింది. తన దగ్గర నోరు పెగలని పిల్ల, తన నుంచి పారిపోవడానికి చదివింది.

"ఇంట్లో ఎందుకు సదవలేవు మరి?"

సారా గుడ్డముక్క పిసికింది. "నువ్వు పుస్తకం సూడవు. నా నోరే సూస్తావు. అప్పుడు అచ్చరాలు పోతాయి."

ఫ్లారెన్స్ మిషను ఆపి అంది: "సెలవులయ్యేదాకా ఈడ ఉండనీ. నేను ఐదో తరగతి దాకా సదివినా. దాని సదువు పోగొట్టనులే."

"వదినా, మళ్లీ మర్సిపోతే?"

"మర్సిపోతే మళ్లీ నేర్సుకుంటాది. బిడ్డ పోతే?"

కుప్పం నుంచి విల్సన్ దిగాక ముగ్గురూ మాట్లాడుకున్నారు. చెప్పకుండా గడప దాటనని సారా చేత మాట తీసుకున్నారు. బిడ్డను వదిలి మదనపల్లెకు ఒంటరిగా తిరిగి రావడం షైలజకు ఏ డ్యూటీకన్నా బరువైంది.

రోజూ ఫోను చేసేది. ఏం తిన్నావని అడిగేది. చదివావా అన్న ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చేది, మింగేసేది. ఫ్లారెన్స్ తనంతట తానే చెప్పేది కొన్నిసార్లు: కొలతల చీటీల మీద పేర్లు పిల్ల చేతే చదివిస్తోందట. సాయంత్రం ఇద్దరూ బైబిలు చెరొక వచనం చదువుకుంటున్నారట. అత్త తప్పు చదివితే సారా నవ్వుతోందట. కొన్ని రోజులు ఏమీ చదవలేదనీ, వీధిలో ఆడుకుందనీ చెప్పేది. ఆ రోజుల్లో షైలజకు నిద్ర పట్టేది కాదు.

జూన్‌లో బడి తెరిచాక వసంతమ్మ టీచరు సారా చేత ఒక కొత్త పేజీ చదివించింది. నాలుగు చోట్ల ఆగింది, రెండు ఒత్తులు తప్పు పలికింది, పేజీ పూర్తి చేసింది.

"నిలబెట్టుకున్నాదమ్మా," అంది టీచరు. "గుణకారాలే కొంచెం ఎనకబడినాయి."

షైలజ బయటికొచ్చాక సారా చేయి పట్టుకుని, "ఎక్కాలకు ఏం సేద్దాం, నువ్వే సెప్పు," అని అడిగింది.

సారా ఆలోచించింది. "నాన్ననడగతా. నాన్న రాళ్లు కొలిసి గుణకారాలు సేస్తాడు గదా," అంది.