తొంభై రోజులా, ఆరు నెలలా?

ఎవరినైనా సాగనంపాల్సి వస్తే బెనిల్దె వంటింట్లోకి దూరిపోయేది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ నిలబడేది. స్పెయిన్‌కు చెందిన లా పాల్మా దీవిలో ఆమెను ఎరిగినవాళ్ళంతా దీనికి నవ్వుకునేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం? ఆరేళ్ళ వయసులో రేవులో అక్క చెయ్యి వదిలింది వాళ్ళు కాదు కదా.

ఆ అక్క ఒబ్దూలియా. పద్నాలుగేళ్ళప్పుడు నాన్న వెంట ఓడెక్కి క్యూబా పోయింది. నాన్న అక్కడే మట్టిలో కలిశాడు. అక్క అక్కణ్ణుంచి అమెరికాలోని టాంపా ఊరు చేరింది. అరవై ఏడేళ్ళుగా అక్కాచెల్లెళ్ళు మొహాలు చూసుకోలేదు. ఇప్పుడు ఒబ్దూలియాకు తుంటి మార్చే ఆపరేషన్, అక్టోబరు పదిన. చెల్లెలు పక్కనుంటేనే చేయించుకుంటానని, లేదంటే ఈ కుంటికాలితోనే స్వర్గానికి పోతానని ఫోన్లో తేల్చి చెప్పేసింది.

బెనిల్దెకు డెబ్భై మూడేళ్ళు. ఇప్పటికీ ఇంట్లోనే చుట్టలు చుడుతుంది. తమ్ముడి కూతురు యైసా, పక్క దీవి తెనెరిఫెలో హోటల్ పని మానేసి పోయినేడే ఇంటికొచ్చిన పిల్ల, ఆ చుట్టల బల్ల పక్కనే కూర్చుని విషయమంతా విడమరిచి చెప్పింది. దారులు రెండు. స్పెయిన్ వాళ్ళకు వీసా మినహాయింపు ఉంది. ఫోన్లో ఫారం నింపితే మూడు రోజుల్లో అనుమతి వచ్చేస్తుంది. కానీ తొంభై రోజులు దాటి ఒక్క పూట కూడా ఉండనివ్వరు. రెండోది సందర్శకుల వీసా. దానికి మాడ్రిడ్ పోయి అధికారి ముందు నిలబడాలి. ఆ పిలుపు రావడానికే నెలలు పడుతుంది. అయితే ఆరు నెలలదాకా ఉండొచ్చు.

బెనిల్దె మనసు ఆరు నెలల మీదే ఉంది. తొంభై రోజులంటే దిగిన రోజు నుంచే వేళ్ళు మడవాలి. తిరుగు టిక్కెట్టు చేతిలో పెట్టుకుని అక్కను కావలించుకోవడం ఏం కావలింత? అయినా ఆపరేషన్ ఆగదు. ఆమె ఒక ఉపాయం ఆలోచించింది.

"ఎనభై తొమ్మిదో రోజున కెనడా పోయి, ఓ పూట కాఫీ తాగి మళ్ళీ వస్తే?"

"నీకంటే ముందే అమెరికావాళ్ళు ఆ కాఫీ తాగేశారత్తా. కెనడాలో ఉన్న రోజులు కూడా ఆ తొంభైలోనే పోతాయి."

సరే, మినహాయింపుకే సిద్ధపడ్డారు. యైసా ఫారం నింపుతూ, విదేశాలు ఎక్కడెక్కడ తిరిగావని అడిగింది. బెనిల్దె పొగాకు మీంచి కళ్ళెత్తకుండానే, పోర్చుగల్‌లో ఫాతిమా మాత గుడికి బస్సులో పోయానని, అంతకుమించి ఎక్కడికీ పోలేదని చెప్పింది. యైసా గబగబా అన్నింటికీ 'లేదు' అని నొక్కుకుంటూ పోయింది. మర్నాటికి అనుమతి వచ్చేసింది.

నాలుగు రోజుల తర్వాత, పెట్టె సర్దుతుంటే ఒక ఫోటో బయటపడింది. పాత సమాధి పక్కన బెనిల్దె, ఒంటి మీద యైసా కొనిచ్చిన నీలం స్వెటర్.

"ఇదెక్కడత్తా?"

"మీ తాతయ్య సమాధి. మన దీవిలో అగ్నిపర్వతం చల్లారిన మరుసటేడు చర్చి వాళ్ళతో పోయొచ్చా. అక్కకు చూపిద్దామని."

"క్యూబాకా? మరి విదేశాలు ఎక్కడెక్కడ తిరిగావంటే పోర్చుగల్ ఒక్కటే అన్నావే."

"క్యూబా విదేశమా?"

అబద్ధమాడలేదావిడ. వాళ్ళ వీధిలో క్యూబా మట్టిలో తాతనో మేనమామనో పాతిపెట్టుకోని ఇల్లు లేదు. అటు పోయిరావడం సంతకు పోయిరావడంలాగే చెప్పుకుంటారు. ఏటా కార్నివాల్ పండుగలో సోమవారం ఊరంతా తెల్లబట్టలు కట్టి, పౌడరు చల్లుకుని, క్యూబా నుంచి డబ్బు చేసుకుని తిరిగొచ్చినవాళ్ళలా వేషాలు వేస్తారు. అలాంటి చోటును ఎవరు పరాయిదనుకుంటారు?

యైసా మంచం అంచున కూలబడింది. ఈ మధ్య ఏళ్ళలో క్యూబాలో కాలు పెట్టినవాళ్ళకు మినహాయింపు చెల్లదని, వీసా ఒక్కటే దారని, ఫారంలో క్యూబా గురించి వేరే ప్రశ్నే ఉందని, దానికి తానే 'లేదు' అని నొక్కానని చెప్పుకొచ్చింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, పాస్‌పోర్టులో క్యూబా ముద్ర లేదు కాబట్టి నోరు మెదపకుండా పోతే ఎవరికీ తెలియదంది.

బెనిల్దె లేచి బల్ల దగ్గరికి పోయింది. ఆ మధ్యాహ్నం చుట్టిన చుట్టల్లో ఒక్కటీ తిన్నగా రాలేదు. టాంపా విమానాశ్రయంలో అద్దం తలుపుకు అటు అక్క చేతికర్ర మీద ఆనుకుని, ఇటు తాను, మధ్యలో ఎవరో "వెనక్కి పొండి" అనడం కళ్ళకు కట్టింది. పోనీ, ఎవరూ ఆపరనే అనుకుందాం. నాన్న సమాధి దగ్గరికి నేను పోలేదని చెప్పుకుంటూ అక్క ఎదుట ఎలా కూర్చోను?

"ఆ మినహాయింపు తీసెయ్యి పిల్లా," అంది చివరికి. "విడిపోవడానికి ఒక రేవు చాలు నాకు. వీసాకే పెట్టు. క్యూబా పోయానని కూడా రాయి."

ఆపరేషన్ నాటికి రాలేనని, నాన్న సమాధి చూసొచ్చినందుకే ఇలా అయిందని అక్కకు తనే ఫోన్ చేసి చెప్పింది.

"నాన్న సమాధి బాగుందా?" అంది ఒబ్దూలియా.

"బాగుంది. చుట్టూ గడ్డి పీకాను."

"అయితే సరే. ఈ తుంటి నాది. ఎప్పుడు మార్చుకోవాలో డాక్టరుకు నేను చెప్తాలే. నువ్వు నిదానంగా రా."

ఫిబ్రవరిలో మాడ్రిడ్ నుంచి పిలుపొచ్చింది. ఇంటి పత్రాలు, పింఛను కాగితాలు అన్నీ యైసా సంచిలో కట్టిచ్చింది. అమెరికా రాయబార కార్యాలయంలో అద్దం వెనకున్న అమ్మాయి, మీ అక్క అక్కడే ఉంది, మీరు ఒంటరి, తిరిగొస్తారని నమ్మకమేమిటని మర్యాదగానే అడిగింది. బెనిల్దె సంచి సంగతే మర్చిపోయింది.

"మా అటక మీద పొగాకు మాగుతోందమ్మా. సెప్టెంబరులో కట్టలు విప్పాలి."

"ఇంకెవరైనా విప్పకూడదా?"

"మీ అమ్మ వండే కూర పక్కింటావిడను వండమంటారా మీరు?"

ఆ అమ్మాయి తలదించుకుని ఏదో రాసుకుంది. మూతి చివర నవ్వు మాత్రం దాగలేదు. వీసా ఇస్తున్నామంది.

మెట్లు దిగుతుంటే బెనిల్దెకు అప్పుడు తట్టింది. బతుకంతా వీడ్కోలుకు మొహం చాటేసిన మనిషి, అక్కను వదిలి తప్పకుండా తిరిగొస్తానని ఇప్పుడే మాటిచ్చి వచ్చింది.

మార్చిలో యైసా విమానాశ్రయానికి దిగబెట్టింది. అక్కడ దూరడానికి వంటిల్లు లేదు. బెనిల్దె అటూ ఇటూ చూసి, మెడలోంచి అటక తాళంచెవి తీసి మేనకోడలి చేతిలో పెట్టింది.

"రోజూ కిటికీ తెరువు, గాలాడాలి. కట్టల మీద మాత్రం చెయ్యి వెయ్యకు. నేనొచ్చి విప్పుతా."

నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి, కాస్త ఇబ్బందిగానే, చెయ్యెత్తి ఊపింది.