ఇరవై మూడు పేర్ల బోరింగు

అన్యాయం ఎవరికి జరిగింది? మలావీ దేశంలో కలుంబ అనే పల్లెకు చెందిన ఇరవై ముగ్గురు ఆడవాళ్లకు జరిగింది. ఎలా జరిగింది? వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగి, వాళ్ల పేర్లు మింగేశారు. మింగినది ఎవరు? కోసిగికి నాలుగు మైళ్ల దూరంలోని ఈ పల్లె క్రైస్తవ సంఘం. ముఖ్యంగా ఆనాటి సంఘపెద్ద దావీదురాజు, ఆయన కూతురు విశ్వాసమ్మ.

ఈ ప్రశ్నలూ జవాబులూ రెండూ విశ్వాసమ్మవే. నిరుడు ఒక ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఆమె లేచి నిలబడింది. కర్నూలు కాన్వెంటులో చదివి, ముప్పై ఏళ్లు ఈ పల్లె బడిలోనే పాఠాలు చెప్పిన మనిషి. అరవై ఎనిమిదేళ్ల వయసులో కూడా ఆమె నిలబడితే సంఘంలో సగంమందికి ఎక్కాలు గుర్తుకొస్తాయి. దొరికిన చెప్పులు దొరికినట్టే వదిలి అందరూ మళ్లీ కూర్చున్నారు.

ఆమె చెప్పిన సంగతి ఇది. పందొమ్మిది వందల ఎనభై ఐదులో, వరుసగా మూడో ఏడు వానలు ముఖం చాటేసినప్పుడు, మిషన్ ఆసుపత్రి నర్సు ఒకామె ఇక్కడినుంచి మలావీకి బదిలీ అయి, ఈ పల్లె దాహం అక్కడి ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లు తమ వేరుశనక్కాయలు అమ్మి, ఇక్కడ ఒక బోరింగు వేయించమని డబ్బు పంపారు. దానితో ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. చదవగలిగినది విశ్వాసమ్మ ఒక్కతే. అడుగున ఇరవై మూడు పేర్లు, వాటి కింద ఒకే ఒక కోరిక: "మాకేమీ తిరిగి ఇవ్వనక్కరలేదు. నీళ్లు పడిన రోజున మా పేర్లు ఒకసారి పైకి చదవండి."

"ఆఫ్రికా ఆడోళ్లు నీళ్లు పోస్తే తాగినామని చెప్పుకోని, కోసిగి సంతలో తలెత్తుకోని తిరగగలమా?" అన్నాడు దావీదురాజు. కడప బండ ఒకటి తెప్పించి, 'సంఘపెద్ద దావీదురాజుగారి ధర్మము' అని చెక్కించాడు. చెక్కేవాడికి అచ్చుగా సుద్దముక్కతో ఆ అక్షరాలు రాసి ఇచ్చింది కూతురే. ఆమె దస్తూరి ముత్యాల్లా ఉండేది.

ఆనాటినుంచి ఆమె ఆ బోరింగు నీళ్లు ముట్టలేదు. మైలు దూరంలోని చేదబావికి బిందె పట్టుకుని వెళ్లేది. నడుము వంగాక క్యాన్ నీళ్లు కొనుక్కుంటోంది. పల్లె దానికి కాన్వెంటు గర్వమని పేరు పెట్టింది.

"ఇప్పుడు ఆ కలుంబలోనే నీళ్లు లేవు. వాళ్ల పాత బావి ఎండిపోయిందని మిషన్ పత్రికలో చదివాను," అని ఆమె ముగించింది. "బోరింగుకు బోరింగు ఇవ్వాలి. అక్కడ నీళ్లు పడిన రోజున ఇక్కడ పేర్లు చదవాలి. వట్టి పేర్లు చదివితే అది నోటిమాట. ఆ రెండూ జరిగితేనే నేను ఆ నీళ్లు తాగేది."

వెనుకనుంచి ఒక ముసలామె గొణిగింది. "ఆ మాట ముందే చెప్పుంటే, మీ నాయన మీద నలభై ఏండ్లు పాటలు పాడకపోదుము గదమ్మా!"

"అందుకే సిగ్గుపడుతున్నాను. మీరూ కొంచెం పడండి," అంది విశ్వాసమ్మ.

పాస్టరు యేసుప్రసాద్ విచారించి లక్షన్నర కావాలని తేల్చాడు. ఆ సంఘంలో ఒక పాత ఆనవాయితీ ఉంది: ఎసట్లో పోసే ముందు ప్రతి ఇల్లాలూ గుప్పెడు బియ్యం దేవుని కుండలో వేస్తుంది. ఆ ఏడాది గుప్పిళ్లు పెద్దవయ్యాయి. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయిన కుటుంబాలు పొలాల్లో వేసుకున్న గుడారాల్లోనూ గుప్పెడు తీసి, అక్కడే అమ్మి, ఆ డబ్బు పంపాయి. ఈ ఏటి కోతపండుగ ఉదయానికి ఇక ఇరవై వేలు తక్కువ. మరునాడే కర్నూలు మిషన్ ఆఫీసులో మొత్తం చెల్లించాలి. బోరు వేసే లారీ కలుంబ దాటిపోతే మళ్లీ ఏడాదికి గానీ రాదు.

అందరి ఆశా వేలంపాట మీదే. కోతపండుగకు అందరూ తెచ్చే కానుకల పాటకు ఒక పద్ధతుంది. గెలిచినవాడు డబ్బు కట్టి, వస్తువును "దేవునికే మళ్లీ" అని బల్లమీద పెడతాడు. అదే వస్తువు మళ్లీ పాటకు వస్తుంది. అలా ఒక గుమ్మడికాయ పదిసార్లు అమ్ముడుపోయి, సాయంత్రానికి పులుసై అందరి విస్తళ్లలోకీ వస్తుంది.

ఆ రోజు విశ్వాసమ్మ ఇచ్చిన నల్లకోడి మధ్యాహ్నానికే పదకొండు సార్లు అమ్ముడుపోయింది. పాట పాడించే బొజ్జన్న గొంతు బొంగురుపోయింది. అప్పుడే కోసిగినుంచి వచ్చిన మేకల వ్యాపారి బుడేన్ సాహెబ్ పన్నెండు వందలకు పాట గెలిచాడు. లెక్కలు రాసే మహిమ చేతిలో నోట్లు పెట్టాడు. కోడిని చంకన ఇరికించుకున్నాడు. మోటారుసైకిలెక్కి వెళ్లిపోయాడు.

"ఓ బుడేనప్పా! కోడీ! కోడీ!" అంటూ సంఘమంతా వెనుక పరుగెత్తింది. వంక ఇసుకలో బండి కూరుకుపోయిన చోట దొరికాడు.

"ఏమప్పా, దుడ్లిచ్చి కొన్న కోడి గదా! దొంగను తరిమినట్ల తరుముతాండారేందప్పా?"

"కొంటే తీస్కపోతారా ఎవరన్నా?" అన్నాడు బొజ్జన్న రొప్పుతూ.

"తీస్కపోనీకి గాకపోతే కొనేది ఎందుకప్పా? చూసిపోనీకా?"

తీర్పుకోసం ఆయన్ను వెంటబెట్టుకుని అందరూ విశ్వాసమ్మ దగ్గరికి తిరిగొచ్చారు.

"ఆయన మాటే న్యాయం," అందామె. "మన పద్ధతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. సాహెబుగారూ, కోడి మీది."

కోడి కోసిగికి పోయింది. పాట చల్లబడింది. ఇంకా ఎనిమిది వేలు తక్కువ.

అప్పుడు పరమేష్ ముందుకొచ్చాడు. కూలీలను వలస పనులకు తీసుకెళ్లే మేస్త్రీ, చేతిలో డబ్బు ఆడే మనిషి. "టీచరమ్మా, ఆ ఎనిమిది వేలు నేనిస్తా. ఆ దేశంలో బోరింగు మీద నా పేరు చిన్నగా, ఒక మూల రాపిస్తే సాలు."

బొజ్జన్న ముఖం వెలిగిపోయింది. పాస్టరు నోరు తెరవబోయి విశ్వాసమ్మను చూశాడు. ఆమె ఊఁ అంటే పని ముగిసినట్టే. కాదంటే సంవత్సరమంతా తీసిన గుప్పిళ్లు లారీ వెనుక చూస్తూ నిలబడిపోవాలి.

"పరమేష్, ఏడో ఎక్కం చెప్పు."

"ఇప్పుడెందుకమ్మా?"

"అది నీకు నేనే నేర్పాను. అయినా నీ నుదుటిమీద నా పేరు రాయించుకోలేదు. ఇరవై మూడు పేర్లను ఒక పేరు ఎలా మింగిందో నేను కళ్లారా చూశాను. మళ్లీ చూడను. ఇవ్వదలిస్తే అందరితోపాటు పాటలో పాడు."

"పాడనీకి ఏముండాదమ్మా ఈడ? కోడి పాయె!"

విశ్వాసమ్మ చేతికర్ర ఎత్తి బోరింగు వైపు చూపింది. "ఆ బండ ఉంది."

నలుగురు మగవాళ్లు గడ్డపారలతో దావీదురాజు బండను పెకలించి తెచ్చి బల్లకు ఆనించారు. ఏ పొరా లేవని నల్లని కడప బండ.

"మంచి బండ. బట్టలుతకడానికి పనికొస్తుంది. పాడండి," అంది ఆమె.

"ఐదొందలు!"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. బుడేన్ సాహెబ్! చంకలో నల్లకోడి.

"మా ఇంటామె రహమత్ బీ ఇంట్లోకి రానియ్యలేదప్పా. దేవుని పేరుమీద కోడిని ఎత్తుకొస్తివా అని వాకిట్లోనే నిలబెట్టింది. కోడి మీదే. బట్టలబండ కోసరం గూడా ఏడాదిగా పోరు పెడతాంది. ఐదొందలు!"

పరమేష్ ఏడు వందలన్నాడు. సాహెబ్ వెయ్యి అన్నాడు. బొజ్జన్నకు గొంతు తిరిగొచ్చింది. వెయ్యికి బండ సాహెబుదైంది. అందరూ ఆయన మోటారుసైకిలు వైపు చూశారు. ఆయన బండను తట్టి, అందరినీ ఒకసారి కలయజూసి, "ఈ తూరి నాకు తెలుసు లేప్పా! దేవునికే మళ్లీ!" అని అరిచాడు.

ఆ నవ్వులకు కోడి బెదిరి బల్లకిందికి దూరింది. ఆపైన బండను పరమేష్ రెండుసార్లు కొన్నాడు. పాస్టరు కొన్నాడు. పక్క వీధి శివలీల, రోజూ ఆ బోరింగు దగ్గరే బిందె నింపుకునేది, "మా దేవునికి గూడా తెలుస్తాదిలెండి" అంటూ మూడు వందలిచ్చి కొంది. చివరికి మహిమ పుస్తకం మూసి, "ఇంక ఆరు వందలే," అంది.

"ఆరు వందలు," అంది విశ్వాసమ్మ.

ఆ పైన ఎవరూ పాడలేదు. బొజ్జన్న మూడుసార్లు అడిగి, బల్లను గుద్ది, "బండ టీచరమ్మది!" అన్నాడు. ఆమె దాన్ని బోరింగు పక్కనే, అక్షరాలు నేలవైపుకు వచ్చేట్టు బోర్లా వేయించింది. "మా నాయన ఏమీ ఇవ్వలేదని ఇకమీదట ఎవరూ అనకూడదు. ఈ ఊరికి ఉతుకుబండ ఇచ్చాడు."

మూడు వారాల తరువాత యేసుప్రసాద్ ఫోన్లో వీడియో వచ్చింది. కలుంబలో కొత్త బోరింగు. పిడి పట్టుకున్నది ఎనెలెసి అనే ముసలావిడ. ఆ ఇరవై ముగ్గురిలో ఆమె, ఇంకో నలుగురు బతికి ఉన్నారట. నాలుగు ఊపుల దాకా ఏమీ రాలేదు. ఐదో ఊపుకు నీళ్లు దూకాయి. అక్కడివాళ్లూ ఇక్కడివాళ్లూ ఒకేసారి కేకలు వేశారు.

పల్లె బోరింగు దగ్గర ఆ సాయంత్రం విశ్వాసమ్మ పాత ఉత్తరం విప్పింది. ఒక్కొక్క పేరే చదివింది. అందరూ తిరిగి పలికారు. ఎనెలెసి, తండివె, ఎస్నాతి, లొవెనెసి... బుడేన్ సాహెబ్ 'చిసోమొ' దగ్గర తడబడితే ఆమె బడిపిల్లవాడికి చెప్పినట్టు రెండుసార్లు చెప్పించింది. ఇరవై మూడో పేరు అయ్యాక ఉత్తరం మడిచింది.

శివలీల పిడి కొట్టింది. మహిమ స్టీలు గ్లాసు నింపి ఇచ్చింది. ముప్పై తొమ్మిదేళ్లలో మొదటిసారి విశ్వాసమ్మ ఆ నీళ్లు ఒక గుక్క తాగి, ముఖం చిట్లించింది.

"ఉప్పగా ఉన్నాయే!"

"ఎప్పుడూ అంతేనమ్మా," అంది శివలీల. "ఇన్నేండ్లు అమృతమనుకుంటివా?"

మొదట నవ్వింది విశ్వాసమ్మే. తరువాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో తెలియలేదు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి ఆమె గ్లాసు మళ్లీ ఎత్తింది. అడుగున చుక్క మిగలకుండా తాగింది.