చెప్పులు విప్పి తొక్కవలసిన గడ్డి

నేను ఒక గడ్డిని. వేరు లేదు, విత్తు లేదు. వాన పడితే పెరగను, ఎండ కాస్తే ఎండను. గేదె నన్ను వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. మనిషి లారీ కట్టించి మరీ ఇంటికి తెచ్చుకుంటాడు. ఇద్దరిలో బుర్ర ఎవరికుందో మీరే తేల్చుకోండి.

పుట్టింది గుజరాత్‌లో ఒక కార్ఖానాలో. పచ్చరంగు ప్లాస్టిక్‌ను కరిగించి, దారాలు తీసి, నల్లగుడ్డకు కుట్టి, చాపలా చుట్టచుట్టారు. గడ్డిపరకకు మొహంవాచిన ఏ ఎడారి ఊరికో పంపుతారనుకున్నాను. తీరా దించింది భీమవరం పక్కన, గోదావరి కాలవ కింద ఊళ్ళో. అక్కడ గడ్డిని ఎవరూ వెయ్యరు, పీకుతారు. గోడ పగుల్లో కూడా అడక్కుండానే మొలుస్తుంది. అలాంటి చోట గడ్డి కొనుక్కున్న మొదటి మొనగాడు మా ధనుంజయరావు.

ఆయనకు ముప్పై ఎకరాల రొయ్యల చెరువులు, ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల హిమబిందు తొమ్మిదో తరగతి. టెన్నికాయిట్ ఆడుతుంది. నెట్టుకు అటూ ఇటూ నిలబడి రబ్బరు రింగు విసురుకునే ఆట. పోయినేడు జిల్లా జట్టు ఎంపికలో ఆఖరి మెట్టు మీద జారింది. "ఈ ఏడూ రాలేదంటే ఆట కట్టు, పుస్తకం పట్టు!" అని తండ్రి తేల్చి చెప్పాడు. ప్రేమ లేక కాదు. ఆ ప్రేమతోనే, ఎంపికలకు మూడు నెలలుందనగా, పెరట్లో కోర్టు వేయిస్తానన్నాడు.

ఆయన భార్య సుభాషిణి పెంచుకున్న బెండ, గోంగూర మళ్ళు ఒక్క పూటలో లేచిపోయాయి.

"తినే ఆకు పీకి తినని గడ్డి వేస్తున్నారు. మీ తెలివికి హారతివ్వాలండీ!" అందావిడ.

పని చెయ్యడానికి వచ్చిన ఖాజా మేస్త్రి నేల చూసి, "వాలు నైరుతికి పెడతానండి. వీధి కాలవ అటే ఉంది" అన్నాడు. వాస్తు చూడ్డానికొచ్చిన సిద్ధాంతిగారు అదిరిపడ్డారు.

"నైరుతి పల్లమా! యజమానికి గండం. వాలు ఈశాన్యానికే ఉండాలి."

ఈశాన్యంలో ఉన్నది వంటింటి గోడా, ప్రహరీ గోడా కలిసే మూల. చీమ దూరే సందు లేదు.

"మరి నీళ్ళెటు పోతాయండి?"

"ఐశ్వర్యం నిలవాలి నాయనా. పోవడమేమిటి?"

చెరువు అడుగున బెత్తెడు వాలు తేడాను గట్టు మీంచే కనిపెట్టగల మనిషి ధనుంజయరావు. సొంత పెరట్లో మాత్రం తల ఊపేశాడు. ఖాజా నిట్టూర్చి కంకర పోశాడు, రోలరుతో అణిచాడు, నన్ను పరిచి అతుకులకు జిగురు పూశాడు, పరకల మధ్య ఇసుక చల్లి చీపురుతో నిలబెట్టాడు. తెల్లగీతలతో నేను పెళ్ళికొడుకులా ఉన్నాను.

అప్పుడు కొబ్బరికాయ కొట్టారు. నా పాట్లన్నీ అక్కణ్ణించే.

చుట్టాలు చూడ్డానికి వచ్చారు. "నిజం గడ్డేనా బావా?" అని అడిగాడు ఒకాయన.

"ఛ, ఛ! అచ్చమైన ప్లాస్టిక్కు!" అన్నాడు ధనుంజయరావు మీసం దువ్వుతూ. "చెప్పులు విప్పి రండి, కొబ్బరికాయ కొట్టిన చోటు."

పదకొండు గంటల ఎండలో నేను అట్లపెనాన్ని. చుట్టాలు నిప్పులగుండం తొక్కినట్టు గంతులేసి పారిపోయారు. నా మీద జరిగిన మొదటి క్రీడ అదే.

బిందు బూట్లేసుకుని వచ్చింది.

"ఒసేయ్, బూట్లు! బూట్లు విప్పు!"

"కాళ్ళు కాలిపోతున్నాయి నాన్నా!"

"అయితే తెల్లారగట్ల ఆడుకో. ఎవరొద్దన్నారు?"

తెల్లారగట్ల ఆడదామంటే, మంచు పడి పాడవుతానని చెరువు పరదా తెచ్చి నా మీద కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టేవాడు. చెరువుల మీంచి తొమ్మిదింటికి వచ్చాక గానీ అది తీసేవాడు కాదు. చూసి చూసి ఆ పిల్ల రింగు పట్టుకుని ఎదురుగా ఉన్న తుపాను షెల్టరు చప్టా మీదకు పోయింది, బూట్లతోనే. పరదా కింద పడుకుని, రింగు సిమెంటు మీద పడే చప్పుడు వినడం. ఇదీ నా క్రీడాజీవితం.

ఎంపికలు వారం ఉందనగా ముసురు పట్టింది. మూడు రోజులు. సిద్ధాంతిగారి మాట పొల్లుపోలేదు: ఐశ్వర్యం నిలిచింది, ఈశాన్యంలో మోకాలి లోతున. పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగిచూసి, "ధనుంజయా, ఏ పిల్ల వదిలావు? రొయ్యా, చేపా?" అన్నాడు. ఇంట్లోంచి సుభాషిణి కేక: "ఏవండీ, ఐశ్వర్యం వంటింటి గోడలోంచి ఊరుతోంది! గిన్నె పెట్టనా, బిందె పెట్టనా?"

చెరువు ఇంజను తెచ్చి తోడించేసరికి నా అతుకులు అప్పడాల్లా లేచాయి. ఒళ్ళంతా బురద కంపు.

ఎంపికల రోజు కూడా ఆయన నా మీద మిగిలిన నీళ్ళు తోడుతూనే ఉన్నాడు. బిందు తల్లితో వెళ్ళి వచ్చింది. జట్టులో చోటు దొరికింది. బళ్ళో సన్మానం చేస్తే ధనుంజయరావు మైకు పట్టుకుని, "ఇంట్లో కోర్టు వేయించాను కాబట్టే!" అన్నాట్ట. కూతురు ఫ్యాను వంక చూస్తూ కూర్చుందట. ఈ సంగతి సుభాషిణి వీధి వీధంతా చెప్పుకుని నవ్వింది.

తర్వాత నన్ను ముక్కలు కోశారు. కొన్ని ముక్కలు పనివాళ్ళు జారకుండా చెరువు గట్ల మీద పడ్డాయి. ఒక ముక్కను సుభాషిణి గుమ్మం ముందు వేసింది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ ముక్కే. నైరుతి పక్క మళ్ళీ గోంగూర మొలిచింది.

మొన్న సాయంత్రం బిందు ఆట నుంచి వచ్చింది, బూట్లనిండా బురద. వసారాలో కూర్చున్న ధనుంజయరావు అలవాటు కొద్దీ, "బూట్లు..." అని ఆగిపోయాడు. ఆ పిల్ల కసిదీరా రెండు కాళ్ళూ నా మీద రుద్దింది. నా మీద జానెడు తెల్లగీత ఇంకా మిగిలి ఉంది. దాన్ని చూసి, గీతకు ఇవతలే కాలు పెట్టి నిలబడి, "పట్టు నాన్నా!" అని రింగు విసిరింది.

ఆయన పట్టలేకపోయాడు. రింగు వసారా అంతా దొర్లింది. లేచి, పంచె ఎగ్గట్టి, వెతికి తెచ్చి ఇచ్చాడు.

"మళ్ళీ వెయ్యవే. అక్కణ్ణించే."