కాపలా వంతు

మంచంకోడుకు కట్టేసి ఉన్న పిల్లను చూసి మండలం నుంచి వచ్చిన ఆఫీసరు గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్ల పేరు హేమలత, పదేళ్ళది. మేకల తాడు నడుముకు ఉంది. ఒరుసుకోకుండా కింద తల్లి పాతచీర పేలిక చుట్టింది. ఆ పేలిక మాత్రం ఆయన కంట పడలేదు.

"నువ్వు తల్లివేనా?" అన్నాడు.

కూలికి బయల్దేరుతున్న రామాంజినమ్మ సద్దిగిన్నె కింద పెట్టింది. "ఇడిసిపెడితే చేన్లోకి పోతాది సార్. వాళ్ళ నాయన మందు తాగి పడింది ఆడనే. ఇంగా పండుకోనుండాడని లేపను పోతాది. నేను కూలికి పోకుంటే మాకు కూడెట్ల?"

అది 2003వ సంవత్సరం. సోమందేపల్లెకు పడమరగా ఉన్న మా ఊళ్ళో నాలుగేళ్ళుగా శనక్కాయ పండలేదు. పిల్ల నాయన ఎర్రన్న తన చేలోనే పురుగుమందు తాగితే, సద్ది తీసుకుపోయిన ఈ పిల్లే ముందు చూసింది. ఆనాటితో మాట పడిపోయింది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. జిల్లా ఆసుపత్రికి పోతే, ఇట్లాంటి పిల్లల డాక్టరు ఇక్కడ లేడు, హైదరాబాదు పొమ్మన్నారు. ఆ తల్లికి హైదరాబాదు ఏ దిక్కునుందో కూడా తెలియదు.

"కొత్త చట్టం వచ్చింది" అన్నాడు ఆఫీసరు. "మనసు దెబ్బతిన్న పిల్లల్ని కట్టేస్తే జైలు. ప్రతి మండలానికీ డాక్టరు, కుటుంబానికి సాయం. అన్నీ అందులో ఉన్నాయి."

"డాక్టరు ఎప్పుడొస్తాడు సార్?" మా కూలీ సంఘం పెద్ద లింగన్న అడిగాడు.

"పోస్టులు మంజూరు కావాలి."

"మరి జైలు?"

"అది ఇవాళ్టి నుంచే."

ఆఫీసరు తాడు తనే విప్పి, సాక్ష్యమని జీపులో వేసుకుపోయాడు.

ఇది వింటున్న తమ్ముళ్ళారా, చట్టం చెడ్డదని నేననను. పిల్లను కట్టేయకూడదు, ఆ మాట తల్లికంటే బాగా ఎవరికి తెలుసు? మన దాకా వచ్చేసరికి చట్టంలో బెదిరింపు ముందు దిగుతుంది, సాయం దారిలోనే నిలబడిపోతుంది. నా మంట అక్కడ.

సాయంత్రం బడి దగ్గర సంఘం కూర్చుంది. రోజుకొక ఇల్లు పిల్లను చూసుకోవాలని లింగన్న అన్నాడు.

"ఒగరి బిడ్డ కోసరం ఊరంతా కూలి పోగొట్టుకుంటారా?" అని లేచాడు కుళ్లాయప్ప.

భద్రమ్మ ఊరుకోలేదు. "ఏమప్పా, ఊరి మేకలన్నీ ఒగ మందజేసి ఇంటికొగ దినం వంతున మేపడంల్యా? నీ వంతు మేం తప్పినామా ఎప్పుడన్నా? మేకకుండే పాటి ఆ బిడ్డకు ల్యాకపాయనా?"

కుళ్లాయప్ప కూర్చున్నాడు. మొదటి వంతు అతనే తీసుకున్నాడు.

మేకల వంతు లాగే పిల్ల వంతూ నడిచింది. హేమలత ఆడవాళ్ళ మధ్య కూర్చుని విత్తనానికి కాయలు ఒలవడం మొదలుపెట్టింది. ఒక రోజు భద్రమ్మ ఒళ్ళో నిద్రపోయింది. రామాంజినమ్మ అది చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేమందరం మురిసిపోయాం. డాక్టరు పని మేమే చేసేస్తున్నామనుకున్నాం.

అప్పుడు వాన పడింది.

కరువు సీమలో వాన అంటే ఏమిటో మీకు చెప్పాలి. నేల పదును ఆరేలోగా విత్తకపోతే ఆ ఏడాదికి తిండి లేదు. తెల్లారేసరికి ముసలివాళ్ళతో సహా ఊరు ఊరంతా చేలల్లో ఉంది. ఆ రోజు వంతు భద్రమ్మది. గొర్రు వెనక విత్తనం వేసే మనిషి లేదని మొగుడు పిలిస్తే ఆమే పోయింది. పక్కింటివాళ్ళు చూస్తారులే అనుకుంది. పక్కింటివాళ్ళు భద్రమ్మ ఉందిలే అనుకున్నారు.

హేమలత నాయన దగ్గరికి బయల్దేరింది. ఆ చేనుకు పోవాలంటే వంక, మా ఊరి వాగు, దాటాలి. నాలుగేళ్ళుగా ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ లేదు. నీళ్ళొస్తాయని మాలో ఒక్కరికీ తోచలేదు. మధ్యాహ్నం వంక దిగువన తుమ్మకంపలో పిల్ల దొరికింది. ఏ నీళ్ళ కోసం మొక్కని దేవుడు లేడో, ఆ నీళ్ళే మా బిడ్డను తీసుకుపోయాయి.

మరునాడు పూడ్చిపెట్టి రాగానే ఎస్.ఐ. వచ్చాడు. పిల్లను వదిలేసిన నేరం తల్లిదన్నాడు.

భద్రమ్మ అడ్డం పడింది. "వంతు నాది సార్. నన్ను పట్టుకపో."

రామాంజినమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఒగదానివేనా పోయింది? నేను కన్నతల్లిని, నేనూ విత్తను పోతి. వానను చూసి బిడ్డను మరిసిపోతి గదక్కా."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే కుళ్లాయప్ప జీపు ముందు నిలబడ్డాడు. "కట్టేస్తే కేసు, ఇడిసిపెడితే కేసు. యాడికి పోవల్ల మేము?"

పోలీసులు అతన్ని పక్కకు నెట్టి రామాంజినమ్మను ఎక్కించుకుపోయారు. చేలు సగం కూడా విత్తలేదు, పదును ఆరిపోతోంది. అయినా ఒక్కరూ చేలవైపు తిరగలేదు. పిల్లల్ని చంకనేసుకుని, గొడ్లను కొట్టాల్లోనే వదిలేసి, జీపు వెనకాలే సోమందేపల్లెకు నడిచాం. హైవే మీద అడ్డంగా కూర్చుంటే లారీలు పెనుకొండ వైపు బారులు తీరాయి.

పొద్దు వాలకముందే ఎస్.ఐ. దిగొచ్చాడు. లింగన్ననూ, సంఘం మనిషినని నన్నూ స్టేషన్ లోపలికి పిలిచి, "కేసు లేదు, ఏమీ లేదు. ఆమెను తీసుకుని పొండి. విత్తనం పనులు చూసుకోండి" అన్నాడు.

లింగన్న చెయ్యందించాడు. గోడవార కూర్చున్న రామాంజినమ్మ లేవలేదు.

"నన్ను కోర్టుకు తీసుకపో సార్" అంది. "బిడ్డను సంపుకున్నానని నేనే ఒప్పుకుంటా. దానికి రావల్సిన డాక్టరు యాడుండాడో ఆడ అడగల్ల."

"ఇంటికి పోమ్మా. వాన కోసం ఎన్నేళ్ళు చూశారు? పదును ఆరిపోతుంది."

"ఆరిపోనీ. నాయన్లు సచ్చింటే కండ్లారా చూసిన పిల్లోళ్ళు మా ఊర్లో ఇంగా ఉండారు. డాక్టరు వచ్చిందాకా నేను ఈడ్నుంచి లెయ్యను."

మేం బయటికి వచ్చి ఆ మాట అందరికీ చెప్పాం. రోడ్డు మీంచి ఒక్కరూ లేవలేదు.