పడుగు పైలం

యమునాబాయి చేతులు ఎలా కాలాయో జోడ్‌భావి పేట్‌లోని ఆ నేతగాళ్ల సందులో ఎవరినడిగినా చక్కగా చెబుతారు. ఒక్క గోదావరికే చెప్పడం రాదు. ఆమె దగ్గరే ఉండి చూసింది మరి.

ఆ పొద్దున గోదావరి, ఆమె పెనిమిటి కొమురయ్య సందు ఈ చివరి గుంజ నుంచి ఆ చివరి గుంజ దాకా మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగు చాచి గంజి పట్టిస్తున్నారు. ఆయన ఒక పక్క, ఆమె ఒక పక్క కుంచెతో దువ్వుకుంటూ నడుస్తున్నారు. ఎండెక్కితే గంజి బిరుసెక్కి పోగులు తెగుతాయి. అందుకని ఆ పనిలో మొగుడూ పెళ్లాలకు పోట్లాడుకోవడానికి కూడా తీరిక ఉండదు. సందుకు ఒకవైపు ఇంటి యజమాని రామచంద్రం మాలక్ వాడా, అందులో వరసగా అద్దెగదుల తలుపులు. రెండోవైపు మురికినీళ్ల మోరీ. మధ్యలో నడుమెత్తున పడుగు. అక్కడి పిల్లలు నడక కంటే ముందు పడుగు కింద దూరడం నేర్చుకుంటారు. పడుగు వంచి తొక్కినవాడికి ఆ పేటలో పిల్లనివ్వరని చెబుతారు. నిజమో కాదో ఎవరూ తొక్కి చూడలేదు.

యమునాబాయిది మూలగది. రజాకార్ల గొడవల్లో సిద్దిపేట దిక్కు నుంచి ఒంటరిగా వచ్చి, బీడీలు చుట్టుకుని బతుకుతోంది. గదికి కిటికీ లేదు. పొగ బయటికి పోవాలని కుంపటిని గడప దగ్గర పెట్టుకునేది. దాని పక్కనే బీడీలకు కత్తిరించగా మిగిలిన ఆకు తుక్కు బుట్ట. ఆ తుక్కుతోనే కుంపటి రాజేసేది. ఎండుటాకు, పక్కన నిప్పు. ఆ రెంటినీ కలపడానికి కాస్త గాలి చాలు. ఆ పొద్దున గాలి వీచింది.

ఆమె మండుతున్న బుట్టను రెండు చేతులా ఎత్తుకుని బయటికి ఉరికింది. లోపల వదిలేస్తే వాడా చెక్క కప్పు అంటుకునేది. ఎదురుగా మోరీ ఉంది, మధ్యలో పడుగు ఉంది. మంటతో కింద దూరడానికి లేదు, మీది నుంచి విసిరితే నిప్పురవ్వలు పోగుల మీద రాలతాయి. ఆమె ఒక్క క్షణం నిలబడింది. అప్పుడు గోదావరి నోట ఒక మాట వచ్చింది.

"పడుగు పైలం."

పారెయ్ అనలేదు. చేతులు జాగ్రత్త అనలేదు. యమునాబాయి పక్కకు తిరిగి, గుమ్మాల వెంట ఉన్న సన్నటి జాగాలో చివరి గుంజ దాకా పరుగెత్తి, గుంజ చుట్టూ తిరిగి, బుట్టను మోరీలో వేసింది. అప్పటికే బుట్ట వెదురు ఆమె అరచేతుల్లో మండుతోంది.

చేతులు కాల్చుకుందిగానీ ఒక్క పోగు తెగనివ్వలేదని సందంతా మెచ్చుకుంది. యమునాబాయి కూడా పేలికలు చుట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని, చూడటానికి వచ్చినవాళ్లకు అదే చెప్పేది.

"జాతరల అగ్గి మోసినట్టు ఎత్తుకొని ఉరికిన చూడు. మోరీ ఎదురుంగనే ఉన్నది. గని కొమురన్న పడుగాయె. ఎట్ల తొక్కుత?"

పక్కనే కూర్చున్న గోదావరి తర్వాతి మాట కోసం ఊపిరి బిగబట్టేది. 'అప్పుడు గోదావరి ఒర్లింది' అనే మాట. అది వచ్చేది కాదు. కథ సరాసరి గుంజ దగ్గరికి వెళ్లిపోయేది. యమునాబాయి వినలేదా? విని వదిలేస్తోందా? వినలేదనుకుంటే గోదావరికి అన్నం దిగేది. విన్నదనుకుంటే ఆగిపోయేది. ఎక్కువగా ఆగిపోయేది.

ఊరుకోలేక బీడీలు చుట్టిపెట్టడానికి కూర్చుంది. తెగిన పోగును చూడకుండా అతికే వేళ్లు ఆకు ముందు తెల్లబోయాయి.

"ఇదేందే, బీడీనా బెండకాయనా?" అంది యమునాబాయి.

"కాల్చేటోనికి ఏం తెలుస్తదక్కా."

"కార్ఖానాల సరుకు చూసే మునీమ్‌కు తెలుస్తది. అన్ని ఏరి నా మొకాన కొడ్తడు. పో, నీ పడుగుకు గంజి పట్టుకో పో. ఏం పాపం చేసినవని పొద్దుమాపు ఈడనే కూసుంటున్నవ్?"

గోదావరి ఆకు దులుపుకుని లేచింది.

పుండ్లు ఇంకా మానకముందే రామచంద్రం మాలక్ వచ్చాడు. ఆయన కూడా వీళ్లలాగే మగ్గం గుంటలోంచి లేచినవాడు. ఇప్పుడు నాలుగు కరెంటు మగ్గాలు పెట్టాడు. కేకలేసే మనిషి కాదు. గది ముందు నిలబడి, నల్లబడ్డ గడపను చూసి, నెమ్మదిగా అన్నాడు.

"యమునాబాయీ, నీ మీద నాకు కోపం లేదు. గని వాడా అంత చెక్క. ఇంకోపారి అంటుకుంటే అందరు పోతరు. అమాస లోపల వేరే ఖోలీ చూస్కో."

"ఈ చేతులు చూసి ఎవరిస్తరు మాలక్ ఖోలీ?"

"నేనేం జేస్తనమ్మా. నాకు భయమైతున్నది."

గుమ్మాల్లో నిలబడ్డ మగవాళ్లంతా ఎటో చూస్తున్నారు. కొమురయ్య చేతిలోని మగ్గం నాడెను, అది మొన్ననే పుట్టిన బిడ్డయినట్టు, తిప్పి తిప్పి చూస్తున్నాడు. వాళ్లు ఎందుకు మాట్లాడటం లేదో గోదావరికి తెలుసు. దారికి అడ్డం ఏమున్నదని ఎవరైనా అడిగితే జవాబు వాళ్ల పడుగే. ఆ సందు వాళ్లకు దారి కాదు, కార్ఖానాలో సగం. అది పోతే నష్టం అందరికీ. నోరు మూసుకుంటే నష్టం యమునాబాయి ఒక్కదానికి.

"మాలక్, తప్పు ఆమెదొక్కదానిదే కాదు," అంది గోదావరి.

"మరెవరిది?"

"నాది. దారికి అడ్డం పడుగు చాచింది మేము. ఆమె అగ్గి పట్టుకొని నిలవడితే పడుగు పైలం అని ఒర్లింది నేను. బుట్ట పారెయ్ అనలే. నాకు ఆమె చేతులు కనవడలే, పోగులు కనవడ్డయ్."

"ఏయ్, లోపలికి నడు," అన్నాడు కొమురయ్య.

"ఆగు. ఇంకొకటున్నది. ఆమె ఖోలీ పక్కనే వాడా ఎనక తలుపున్నది. అవతల నీళ్ల బాయి. మాలక్, దానికి నీ నూలు బేళ్లు అడ్డం పెట్టి తాళమేసినవ్. అది తెరిచుంటే ఆమె ఇటు దిక్కే రాకపోతుండె."

మాలక్ టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఎవరూ ఊహించని విధంగా యమునాబాయి కోపంగా లేచింది.

"నిన్నెవరు అడిగిండ్రే? నువ్వు ఒర్లకున్నా నేను తొక్కకపోతుంటి."

"విన్నవా అక్కా?"

"చెవులు కాలలే కదా నాకు. విన్న. అందుకే ఎవరికి చెప్పలే. ఇప్పుడు సందుల పెట్టి నువ్వే చెప్తివి."

మాలక్ కాసేపు లెక్క చూసుకున్నాడు. మంచి వ్యాపారి కాబట్టి ఎవరికీ ఉత్తగా ఏమీ వదల్లేదు. "సరే. బేళ్లు తీపిస్త, తాళం తీస్త. యమునాబాయి ఉంటది, గని తుక్కు బుట్ట కుంపటి పక్కన ఉండొద్దు. ఇగ దారికి అడ్డమని నువ్వే అంటివి గద బిడ్డా. రేపటి సంది ఈ సందుల పడుగు చాచొద్దు. ఊరవతల మైదానంల చాచుకోండ్రి."

గోదావరి కోరిన న్యాయమే జరిగింది. అది ఎంత బాగుందో సందులో ఏ ముఖం చూసినా తెలిసేది.

మైదానంలో గాలి ఎక్కువ. గంజి తడి ఆరకముందే దుమ్ము వచ్చి అంటుకునేది, పోగులు పుటుక్కుమనేవి. "గోదావరి వదినె పుణ్యమా అని పడుగుకు దుమ్ముతోని పోపు పెడ్తున్నం," అనేవాడు పక్క గుంజ అంబాదాస్, అందరికీ వినిపించేలా. కొమురయ్య మాత్రం 'కుంచె ఇటియ్' తప్ప ఇంకో మాట ఆడేవాడు కాదు. తిడితే బాగుండుననిపించేది ఆమెకు. అప్పుడు యమునాబాయికి చేసిన తప్పు ఒక్కటే మోసేది. ఇప్పుడు సందుకు సందు ఆమె నెత్తిన ఉంది.

ఒక పొద్దున గంజి చాలక ఇంటికి వచ్చింది. మగవాళ్లంతా మైదానంలో ఉన్నారు, సందు ఖాళీ. యమునాబాయి గడపలో కూర్చుని, కొత్త చర్మం లేత గులాబీరంగులో మెరుస్తున్న అరచేతుల మీద చెంబుతో నీళ్లు పోసుకుంటోంది. ఆ నీళ్లు జారి వెళ్లి మోరీలో పడుతున్నాయి. అంత దగ్గర. పడుగు ఉన్నప్పుడు మోరీ అవతలి ఊరిలా ఉండేది.

"ఏం చూస్తున్నవే?" అంది యమునాబాయి.

"ఏం లేదక్కా."

"మల్ల అదేనా? పో, గంజి గడ్డకడ్తది."

గోదావరి కుండ నెత్తికెత్తుకుంది. ఎదురుగా సందు విశాలంగా, ఎవరూ లేకుండా పడి ఉంది. దాని మధ్యలోకి కాలు వేయబోయి, వేయలేక, గుమ్మాల వెంట ఉన్న సన్నటి జాగాలోనే చివరి దాకా నడిచి, గుంజ ఉండే చోట తిరిగింది.